తెల్ల గ్లవ్స్, నల్ల గోళీ

జూన్ 5, గురువారం

ఈ రోజు నుంచి డైరీ రాస్తున్నాను. మా లాడ్జి అధ్యక్షులవారి సలహా ఇది. లాడ్జి అంటే బస చేసే చోటు కాదు, పాతకాలపు తాపీ మేస్త్రీల పేరూ పనిముట్లూ చిహ్నాలుగా పెట్టుకున్న మా ఫ్రీమేసన్ల సోదర సంఘం. రెండు నెలల్లో ఆ కుర్చీలో కూర్చోబోయే ఫ్రీమేసన్ రోజూ తనని తాను పరీక్షించుకోవాలట. ముడిరాయిలా ఉన్న మనిషి తనను తానే చెక్కుకుని నున్నగా తయారవ్వాలట. ఆయన పళ్ల డాక్టరు. చెక్కడం గురించి ఆయనకి తెలిసినంతగా మాలో ఎవరికీ తెలియదు.

అవును, తర్వాతి అధ్యక్షుణ్ణి నేనే. ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. మొత్తం పదకొండు మందిమి. ఎనిమిది మంది ఇదివరకే రెండేసి సార్లు ఆ కుర్చీలో కూర్చుని లేచారు. ఒకాయనకి చెవులు వినిపించవు. ఇంకొకాయన తలుపు బయట కత్తి పట్టుకుని నిలబడే కాపలా సోదరుడు, ఆయన్ని లోపలికి తెస్తే బయట ఎవరూ ఉండరు. ఇక మిగిలింది నేను. అయినా ఎన్నిక ఎన్నికే.

ఇంటికొచ్చి మా ఆవిడకి చెప్పాను. "కుర్చీ కాళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూసుకుని కూర్చోండి" అంది. పందొమ్మిదేళ్లుగా లాడ్జి అంటే ఆవిడకి ఇదే వరస.

జూన్ 7

సేవా కార్యక్రమం. వీధులు ఊడ్చే నలభై మందికి కళ్లద్దాలు పంచాం. ఫ్రేములు నా కొట్టువే. పదిహేనేళ్లుగా ఎవరూ ముట్టుకోనివి, కొసలు సీతాకోకచిలుక రెక్కల్లా పైకి లేచి ఉంటాయి. మగవాళ్లకీ అవే. కళ్లు పరీక్షించే తీరిక లేక అందరికీ ఒకే పవరు పెట్టించాను. ఫోటో బాగా వచ్చింది.

ఒక పెద్దావిడ అద్దాలు పెట్టుకుని బ్యానరు వంక చూసి, "బాబూ, ఇందాక ఆ అక్షరాలు కనిపించాయి. ఇప్పుడు బ్యానరే కనిపించట్లేదు" అంది. కార్యదర్శి ఆవిడని మెల్లగా వెనక వరసలోకి పంపాడు. ఆయన బీమా ఏజెంటు, మనుషుల్ని నొప్పి తెలియకుండా తప్పించడంలో చెయ్యి తిరిగినవాడు. సేవ చేసేవాడు కృతజ్ఞత ఆశించకూడదు.

జూన్ 12

లాడ్జి హాలు తూర్పు గోడలోంచి వాన నీరు కారుతోంది. సరిగ్గా అధ్యక్షుడి కుర్చీ వెనక. ఈ రోజు అదనపు సభలో చుక్కలు అధ్యక్షులవారి మెడలో చిహ్నంగా ఉన్న వెండి మూలమట్టం మీద, అదే మేస్త్రీలు గోడ మూల సరిచూసే పనిముట్టు మీద, పడ్డాయి. సభ మధ్యలో గొడుగు వేసుకోవచ్చా లేదా అని నిబంధనల పుస్తకం తిరగేశారు. దాని సంగతి అందులో లేదు.

కాపలా సోదరుడు ఎవరో మంచి తాపీ మేస్త్రీని పిలిపిస్తానన్నాడు.

జూన్ 13

వచ్చిన మేస్త్రీ మా బావ.

జూన్ 14

నిన్న రాయడానికి చెయ్యి ఆడలేదు.

బావ అంటే మా అక్క భర్త. అక్క పోయి రెండేళ్లయింది. అప్పటినుంచీ ఆయన ఒక్కడే ఉంటున్నాడు. వాళ్లింటికి ఒకసారి వెళ్లాలని అనుకుంటూనే ఉన్నాను. కొట్టు వదిలి వెళ్లడం కుదరాలి కదా. వాళ్లిల్లు కొట్టుకి ఎదురు సందులోనే అన్నది నిజమే. దగ్గరే కదా అన్న ధీమా వల్లే కుదరదు.

హాల్లోకి అడుగు పెట్టగానే నిచ్చెన మీదనుంచి "ఏరా చిన్నోడా" అన్నాడు. పక్కనే కార్యదర్శి ఉన్నాడు. నేను ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాను. ఫోను మోగలేదు. అయినా కాసేపు మాట్లాడాను. చిన్నప్పటినుంచీ తెలిసిన మనిషి అని తర్వాత కార్యదర్శికి చెప్పాను. అందులో అబద్ధమేముంది?

లాడ్జిలో చేరిన రోజు దరఖాస్తులో తండ్రి వృత్తి అన్న చోట నిర్మాణ రంగం అని రాశాను. అదీ అబద్ధం కాదు. ఎవరో ఇంజనీరా అన్నారు, నేను కాదనలేదు. ఇంకెవరో వంతెనలా అన్నారు, దానికీ కాదనలేదు. పందొమ్మిదేళ్లలో మా నాన్న మూడు నదులకి వంతెనలు కట్టేశాడు. నేను ఒక్క ఇటుకా పెట్టలేదు, అన్నీ వాళ్లే కట్టారు.

నాన్న తాపీ మేస్త్రీ. బావ ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు.

జూన్ 19, గురువారం

సమావేశం. బావ పని ఇంకా అవలేదు, మేం వచ్చేసరికి పనిముట్లు సర్దుకుంటున్నాడు. గోడకి వేలాడదీసిన మా చిహ్నాల్ని తేరిపార చూశాడు. మూలమట్టం, నీటి బుడగతో సమం చూసే రసమట్టం, తూకం గుండు, వెండి పూత పూసిన తాపీ. ఇవన్నీ మీకెందుకండీ అని అడిగాడు. మనసు తిన్నగా ఉంచుకోవడానికి మూలమట్టం, మనుషులంతా సమానమని గుర్తుంచుకోవడానికి రసమట్టం అని అధ్యక్షులవారు ఎంతో ఓపిగ్గా చెప్పారు. బావ శ్రద్ధగా విని, సంచిలోంచి తన మూలమట్టం తీసి మా వెండిదానికి ఆనించి చూశాడు. "ఇది మూలకి రెండు నూళ్లు, అంటే పావంగుళం, తేడా ఉందండీ. దీంతో కడితే గోడ పడిపోద్ది" అన్నాడు.

నేను నేల చూపులు చూశాను. వాళ్లు మాత్రం పడీ పడీ నవ్వారు. చెవులు వినిపించని సోదరుడు కూడా, ఎందుకో తెలియకుండానే నవ్వాడు. బావని భోజనానికి కూర్చోబెట్టుకున్నారు. ఎవరో ఇంకొంచెం వడ్డించమన్నారు, ఇంకెవరో ఇల్లెక్కడని అడిగారు. బావ నా వైపు ఒక్కసారి చూసి, మళ్లీ చూడలేదు.

భోజనాలయ్యాక అధ్యక్షులవారు నన్ను పక్కకి పిలిచారు. "మూడొందల ఏళ్లుగా మనం తాపీ పట్టుకున్నట్టు నటిస్తున్నాం. నిజంగా పట్టినవాడు మనలో ఒక్కడు లేడు. ఈయన్ని చేర్చుకుంటే ఎలా ఉంటుందంటావ్?"

ఆలోచించాల్సిన విషయమే అన్నాను.

'ఆధునిక జీవితంలో మన స్థానం' మీద మాకో కమిటీ ఉంది. ఆరుసార్లు కూర్చుని, వాట్సాప్ గ్రూపు పెట్టాలని తేల్చింది. ఏడోసారి కూర్చుని దానికి పెట్టాల్సిన ఫోటో మీద గొడవపడింది. ఇప్పుడు ఆ కమిటీ మొత్తానికి మా బావే జవాబట.

జూన్ 24

పాత ప్లాస్టరింగ్ గీకుతుంటే అడుగు పూత మీద ఒక చెయ్యి ముద్ర బయటపడిందట. చిన్నపిల్లాడి ఎడమ చెయ్యి. ఉంగరపు వేలు వంకర. గ్రూపులో పదిహేడు ఫోటోలు వచ్చాయి.

జూన్ 25

చూడ్డానికి వెళ్లలేదు. కొట్టులో పనుంది.

జూన్ 26

ఆ చెయ్యి నాది.

ఆరేళ్లవాణ్ణి అప్పుడు. అంతకు ముందు సంవత్సరం ఇటుక పడి వేలు వంకరపోయింది. నాన్న ఆ గోడ కడుతున్నాడు, పద్నాలుగేళ్ల బావ కలిపిన సిమెంటు మాలు అందిస్తున్నాడు. నేను తడి సిమెంటులో చెయ్యి అద్దాను. నాన్న వీపు మీద ఒకటిచ్చాడు. చెరిపేద్దామని బావ తాపీ తీసుకుంటే, "ఉండనీరా, గోడ ఎవరిదో గోడకి తెలియొద్దా" అని దానిమీదే పైపూత వేయించాడు. నలభై ఎనిమిదేళ్లు గోడ ఆ మాట దాచింది.

లాడ్జిలో తెల్ల గ్లవ్స్ తప్పనిసరి. ఆ నియమం నాకు మొదటిరోజే నచ్చింది. భోజనం దగ్గర కుడి గ్లవ్ ఒక్కటే తీస్తాను. అదేమిటని ఎవరూ అడగలేదు. సంప్రదాయం పాటిస్తున్నాననుకుని ఇద్దరు ముగ్గురు వాళ్లూ అలాగే తినడం మొదలుపెట్టారు.

జూలై 3, గురువారం

కార్యదర్శి చెయ్యి ముద్ర మీద నలభై నిమిషాలు ఉపన్యసించాడు. అయిదు వేళ్లు సోదరత్వానికి అయిదు మెట్లట. ఎడమ చెయ్యి హృదయానికి దగ్గరట. వంకర వేలు మానవుడి అసంపూర్ణత అట. పూర్వపు శిల్పులు మనకోసం దాచిన సందేశం అట. గ్లవ్స్ లోపల వేలు దురద పెట్టింది.

తర్వాత బావ దరఖాస్తు చదివారు. ప్రతిపాదించింది అధ్యక్షులవారు, బలపరిచింది కాపలా సోదరుడు. 'ఎందుకు చేరాలనుకుంటున్నారు' అన్న చోట ఇలా రాశాడు: 'గురువారం సాయంత్రం ఇక్కడ నవ్వులు వినిపిస్తాయి. ఇంటి దగ్గర పలకరించే మనిషి లేరు.'

'లాడ్జిలో బంధువులెవరైనా ఉన్నారా' అన్న చోట ఖాళీగా వదిలేశాడు.

ఖాళీగా వదిలేసినందుకు మనసు కుదుటపడింది. అలా కుదుటపడినందుకు కొంచెం సిగ్గేసింది. మనిషన్నాక రెండూ ఉంటాయి.

జూలై 8

బావ కొట్టుకి వచ్చాడు. బెంచీ మీద కాదు, గడప దగ్గర స్టూలు మీద కూర్చున్నాడు. రసమట్టంలో నీటి బుడగ ఈమధ్య రెండుగా కనిపిస్తోందట. కళ్లు చూడమన్నాడు. కొట్టు ఖాళీగానే ఉంది. అయినా ఆదివారం తీరిగ్గా చూద్దాం అన్నాను.

వెళ్లబోతూ అడిగాడు. "నేను మీదాంట్లో చేరితే నీకేమన్నా ఇబ్బందా, చిన్నోడా? ఉంటే చెప్పు, ఇప్పుడే మానుకుంటా."

"నాకేం ఇబ్బంది బావా. సంతోషం."

ఆదివారం కొట్టుకి సెలవు.

జూలై 17, గురువారం

నేను తెల్ల గోళీయే వేశాను. ముందు ఈ మాట రాసి తర్వాత మిగతాది రాస్తాను.

మా ఓటు ఇలా ఉంటుంది. ఒక గిన్నెలో తెల్ల గోళీలు, ఒక గిన్నెలో నల్లవి. ఒక్కొక్కరు, కాపలా సోదరుడితో సహా, వెళ్లి పెట్టెలో ఒకటి జారవిడవాలి. అన్నీ తెల్లవైతే మనిషి సోదరుడు. ఒక్కటి నల్లదైనా గుమ్మం అవతలే. ఎవరు వేశారో అడగడం నేరం, చెప్పడం నేరం. ఇరవై రెండేళ్లుగా నల్ల గోళీని ఎవరూ ముట్టుకోలేదు. అవి వెలిసిపోయాయని కాపలా సోదరుడు నిన్న వాటికి శ్రద్ధగా బూటు పాలిష్ పట్టించాడట. ఆయన మాజీ పోస్ట్‌మాస్టరు. ఏ పని చేసినా శ్రద్ధే. ముందు చెప్పి ఉంటే బాగుండేది.

పది తెల్లవి, ఒకటి నల్లది.

అధ్యక్షులవారు పెట్టె బోర్లించి మళ్లీ లెక్కపెట్టారు. పొరపాటున ఎవరి చెయ్యైనా జారి ఉంటుంది, మళ్లీ వేద్దాం అన్నారు. మళ్లీ వేశాం. మళ్లీ పది తెల్లవి, ఒకటి నల్లది.

రెండోసారి కూడా నేను తెల్లదే వేశాను. హాల్లో వెలుతురు తక్కువ. ఎడమ గ్లవ్‌కి ఏదో మరక అంటింది, తలుపు బందుల గ్రీజు అయ్యుంటుంది. చివర్లో మా రహస్య కరచాలనం చేసుకునేటప్పుడు ఎడమ చెయ్యి జేబులోనే ఉంచుకున్నాను. జలుబు చేసేలా ఉంది.

బావ బయట మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. నేను పలకరించకుండా పక్కనుంచి దిగి వచ్చేశాను. కాపలా సోదరుడు చెప్పగానే తలూపి, వెళ్తూ వెళ్తూ, "గోడ పని కొంచెం మిగిలింది. రేపొచ్చి పూర్తి చేస్తా" అన్నాడట.

జూలై 18

మా ఆవిడ బట్టలు నానబెడుతూ నా ప్యాంటు జేబులోంచి రెండు తెల్ల గోళీలు తీసి బల్ల మీద పెట్టింది. పక్కనే ఎడమ గ్లవ్. బొటనవేలికీ చూపుడువేలికీ నల్లగా పాలిష్.

గ్రీజు అన్నాను.

"నాకు చదువు తక్కువే కానీ బూటు పాలిష్ వాసన తెలుసండీ. ఆ గోళీ మీ బావగారి మీద వేశాననుకుంటున్నారేమో. మామయ్యగారి మీద వేశారు."

రెండేళ్లుగా రోజూ మధ్యాహ్నం బావకి క్యారేజీ పంపుతోందట. ఆ సంగతి కూడా ఇప్పుడే చెప్పింది. వంట ఎక్కువ ఎందుకు చేస్తున్నావని నేను చాలాసార్లు అడిగాను. మిగిలితే పనికొస్తుందిలెండి అనేది.

జూలై 21

బావ దగ్గరికి వెళ్లాలి.

జూలై 28

వెళ్లాలి. ప్రమాణ స్వీకారానికి పాఠం కంఠస్థం చేయాల్సి ఉంది. పదకొండు పేజీలు. అందులో సోదర అనే మాట ముప్పై నాలుగు సార్లు వస్తుంది, లెక్కపెట్టాను.

ఆగస్టు 7, గురువారం

ఈ రోజు పూర్తిగా రాస్తాను. ఒక్క ముక్క మార్చను.

సాయంత్రం బయల్దేరుతుంటే మా ఆవిడ ఇస్త్రీ చేసిన కుడి గ్లవ్ చేతిలో పెట్టింది. రెండోది ఏదన్నాను. మరక పోలేదు, పారేశాను అంది. కొత్త జత కొనడానికి టైము లేదు. ఎడమ చెయ్యి జేబులో పెట్టుకుంటే సరిపోతుంది అనుకున్నాను. కానీ ప్రమాణం రెండు చేతులూ పుస్తకం మీద పెట్టి చేయాలి. వెనక గోడ మీద వంకర వేలు, పుస్తకం మీద వంకర వేలు. నాకే కళ్లద్దాల కొట్టు ఉంది కానీ కళ్లు అందరికీ ఉన్నాయి. ఎలాగూ దొరికిపోతాను. ఎవరో పట్టుకునే లోపు నేనే చెప్పేస్తే పరువు కొంతైనా మిగులుతుంది. ఇది పశ్చాత్తాపమని రాయాలని ఉంది కానీ, దారిలో నేను వేసుకున్న లెక్క ఇదే.

ప్రమాణం అయింది, పుస్తకం మీంచి తల ఎత్తలేదు. కుర్చీలో కూర్చోబెట్టారు. మాట్లాడమన్నారు. లేచి నిలబడ్డాను. ఎడమ చెయ్యి పైకెత్తి చూపించాను.

"సోదరులారా, ఈ గోడ మీదున్న చెయ్యి నాది" అని వెనక్కి తిరిగాను.

గోడ మీద చెయ్యి లేదు. ఆ చివరనుంచి ఈ చివరదాకా ఒకే నునుపు. ఓటు మర్నాడు వచ్చి పూర్తి చేస్తానన్న పని ఇదన్నమాట. ఎక్కడ మొదలుపెట్టాడో ఎక్కడ ఆపాడో వెతికినా దొరకదు. నాకు ఇబ్బందని, నన్ను ఒక్క మాటా అడక్కుండా కప్పేశాడు. నేను ఆయనకి గుమ్మం మూసిన మర్నాడు.

అక్కడితో ఆపెయ్యొచ్చు, ఇక సాక్ష్యం లేదు. కానీ నోరు ఆగలేదు. మా నాన్న వంతెనలు కట్టలేదు, ఈ గోడ కట్టాడు, తాపీ మేస్త్రీ అన్నాను. మీరు వద్దన్న మనిషి మా అక్క భర్త అన్నాను. వద్దన్నది మీరు కాదు, ఆ నల్ల గోళీ వేసింది నేనే, రెండుసార్లూ నేనే అన్నాను.

తర్వాత కార్యదర్శి లేచి చప్పట్లు కొట్టాడు. అందరూ లేచారు. చెవులు వినిపించని సోదరుడు అందరికంటే గట్టిగా కొట్టాడు. ఇంత లోతైన ఉపన్యాసం ఈ హాల్లో వినలేదట. మనమందరం మేస్త్రీ బిడ్డలమేనట. మనలో ప్రతి ఒక్కడూ ఏదో ఒక రోజు సొంత మనిషి మీద నల్ల గోళీ వేసినవాడేనట. ఎంత బాగా చెప్పారు అంటూ ఇద్దరు కళ్లు తుడుచుకున్నారు. కాదండీ, నిజంగానే నేనే వేశాను అన్నాను. "ఆ వినయమే మిమ్మల్ని ఆ కుర్చీలో కూర్చోబెట్టింది" అన్నాడు కార్యదర్శి, మినిట్సు పుస్తకంలో రాసుకుంటూ.

పందొమ్మిదేళ్లలో మొదటిసారి నిజం చెప్పాను, దాన్ని కూడా చిహ్నం చేసి గోడకి తగిలించారు.

పాత అధ్యక్షులవారు ఒక్కరే చప్పట్లు కొట్టలేదు. దగ్గరికొచ్చి నా ఎడమ చెయ్యి పట్టుకుని, వంకర వేలిని పుచ్చు పన్నుని చూసినట్టు కాసేపు చూశారు. ఏమీ అడగలేదు. అడగడం నేరం కదా. హాలు తాళం చెవి నా చేతిలో పెట్టారు. ఇక తలుపు తెరవడం, మూయడం నా బాధ్యత. ఉన్నది ఒక్కటే తాళం చెవి.

ఆగస్టు 10, ఆదివారం

బావ దగ్గరికి వెళ్లాను. కొట్టు గుమ్మం నుంచి నలభై అడుగులు. అక్క పెట్టిన కుండీలు కిటికీ దగ్గర అలాగే ఉన్నాయి. నీళ్లు పోస్తున్నాడు. నన్ను చూసి కుర్చీ తుడిచాడు. నాకోసం, నాలాంటివాడికోసం తుడిచాడు. నేను కూర్చోలేకపోయాను.

నల్ల గోళీ నేనే వేశానని నిలబడే చెప్పాను. ఈయన దాన్ని ఉపన్యాసం అనుకోలేదు.

"తెలుసురా. మీ ఆవిడ చెప్పలేదులే. ఆ రోజు బయటికొచ్చేటప్పుడు నువ్వు జేబులోంచి చెయ్యి తియ్యలేదు. చిన్నప్పుడు కూడా ఏదన్నా పగలగొడితే అంతే."

ఏడుపొచ్చింది. యాభై నాలుగేళ్లవాణ్ణి, ఆపుకోలేకపోయాను. ఆ ముద్ర మళ్లీ బయటికి తియ్యమన్నాను. నేనిప్పుడు అధ్యక్షుణ్ణి, ఆజ్ఞ ఇస్తానన్నాను. గోడ ఇప్పుడు చుక్క నీరు కారట్లేదు, మళ్లీ కెలికితే కారుద్ది, నీ చెయ్యి లోపలే ఉంది, ఎక్కడికి పోద్ది అన్నాడు. పోనీ వచ్చే సంవత్సరం మళ్లీ దరఖాస్తు పెట్టు, నిబంధనలు ఒప్పుకుంటాయి, నేనే ప్రతిపాదిస్తాను అన్నాను. బావ నవ్వాడు.

"దరఖాస్తెందుకు చిన్నోడా? వారానికోసారి నువ్వొస్తే చాలదా? గురువారం రా. గురువారం నాకు పనుండదు."

వస్తానన్నాను. ఇంటికొచ్చి క్యాలెండరు చూసుకున్నాను.

ఆగస్టు 14, గురువారం

వెళ్లాను. లాడ్జి నెలలో మొదటి, మూడో గురువారాలే, ఇది రెండోది, కాబట్టి ఇందులో నా గొప్పేమీ లేదు. కళ్లు పరీక్షించే పెట్టె తీసుకెళ్లాను. రెండు కళ్లకీ వేరువేరు పవరు. ఇన్నాళ్లూ ఒంటికన్నుతో గోడలు తిన్నగా లేపుతున్నాడు. కొత్త ఫ్రేములు చూపిస్తే, సీతాకోకచిలుకవి అయిపోయాయా అని అడిగాడు. సేవా కార్యక్రమం సంగతి ఊరందరికీ తెలుసన్నమాట.

ఆగస్టు 20

రేపు గురువారం. అధ్యక్షుడిగా నా మొదటి సమావేశం. కార్యదర్శి విషయసూచిక పంపాడు: ఒకటి, సోదరత్వం. రెండు, గోడ మీద మాయమైన ముద్ర, దాని అంతరార్థం.

ఆగస్టు 21, గురువారం

బావకి కొత్త అద్దాలు ఇచ్చాను. పెట్టుకుని ముందు రసమట్టం తీసి బుడగ చూసుకున్నాడు. ఒకటే ఉందన్నాడు. తర్వాత నా ముఖం చూసి, ముసలాడివయ్యావురా అన్నాడు. మా ఆవిడ కూడా వచ్చింది. ముగ్గురం కలిసి భోంచేశాం. అక్క గురించి మాట్లాడుకున్నాం, నాన్న గురించి మాట్లాడుకున్నాం. ఎడమ చెయ్యి బల్ల మీదే పెట్టి తిన్నాను.

మధ్యలో ఫోను తొమ్మిదిసార్లు మోగింది. లాడ్జి మెట్ల మీద పదిమంది గ్లవ్స్ వేసుకుని నిలబడి ఉన్నారు. తాళం చెవి నా జేబులో ఉంది.

ఎవర్రా అన్ని సార్లు, అని అడిగాడు బావ.

సోదరులు, అన్నాను. ఇంకొంచెం వడ్డించమన్నాను.